అత్తమ్మకు సముద్రం చూపించాలి, అదీ బస్సులోనే

ప్రశ్న: మాది కరీంనగర్. మా అత్తమ్మకు 68 ఏళ్లు. ఇంతవరకు సముద్రం చూడలేదు. టీవీలో కనపడ్డప్పుడల్లా "ఒక్కసారన్న ఆ నీళ్లల్ల కాళ్లు పెట్టాలె" అంటది. షుగర్ ఉంది, మాత్రలు వాడుతది. మోకాళ్ల నొప్పులున్నయి. ఓసారి రైల్వే స్టేషన్ బ్రిడ్జి మెట్ల మీద పడ్డది, అప్పటి సంది రైలెక్కనంటే ఎక్కనంటది. బస్సయితేనే వస్తనంది. మా ఆయన గోవా పోదామంటున్నరు, పిల్లలు (12, 7 ఏళ్లు) వైజాగ్ అంటున్నరు. సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ నుంచి రాత్రి స్లీపర్ బస్సులో పోవాలని అనుకుంటున్నం. కానీ చిన్నోడికి బస్సులో వాంతులైతయి. బస్సులు తగలబడ్డ వార్తలు చూసినప్పటి నుంచి నాకు స్లీపర్ అంటే గుబులుగా ఉంది. ఎక్కడికి పోవాలె, ఎట్ల పోవాలె చెప్పండి.
– ఒక సోదరి, కరీంనగర్

సమాధానం: గోవా వద్దు, ఈసారికి వైజాగ్ కూడా వద్దు. బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళ్లండి. హైదరాబాద్ మీదుగా కాదు, వరంగల్, ఖమ్మం, విజయవాడ మీదుగా వెళ్లండి. రాత్రి బస్సు ఎక్కకుండా పగలే ప్రయాణం చేసి, మధ్యలో ఒక రాత్రి విజయవాడలో ఆగండి. సంక్రాంతికి కాకుండా ఆ తర్వాత వచ్చే మాఘమాసంలో వెళ్లండి. మీవారు, పిల్లలు ఇది వినగానే మొహం ముడుచుకుంటారని తెలుసు. ఎందుకు చెబుతున్నానో వాళ్లకు చదివి వినిపించండి.

ఈ ప్రయాణం ఎవరి కోసం? మీ అత్తమ్మగారి కోసం. ఆవిడ అడిగింది సముద్రం. ఫలానా ఊరి సముద్రమని అడగలేదు. కరీంనగర్ నుంచి హైదరాబాద్ 160 కిలోమీటర్లు, అక్కడి నుంచి గోవా 650 పైనే. వైజాగ్ అయినా హైదరాబాద్ నుంచి 600 దాటుతుంది. షుగరూ మోకాళ్ల నొప్పులూ ఉన్న మనిషిని అంత దూరం కూర్చోబెట్టి తీసుకెళ్తే, దిగేసరికి కాళ్లు వాచి, ఒళ్లు హూనమై, మొదటి రోజంతా లాడ్జి మంచం మీదే గడుస్తుంది. అదే వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ 300 కిలోమీటర్ల పైచిలుకే. అక్కడి నుంచి గుంటూరు, పొన్నూరు మీదుగా బాపట్ల మరో 85 దాకా ఉంటుంది. సూర్యలంక తీరం బాపట్ల ఊరి నుంచి 9 కిలోమీటర్లు, ఆటోలో వెళ్లిపోవచ్చు. గోవా దూరంలో సగంలోనే సముద్రం దొరుకుతున్నప్పుడు మిగతా సగం ఆవిడ మోకాళ్ల చేత ఎందుకు మోయించాలి?

ఇక ఉత్తరంలో మీరు రాయని విషయం ఒకటుంది. బహుశా మీ అత్తమ్మగారు మీకూ చెప్పి ఉండరు. దూరప్రయాణం అనగానే మన ఇళ్లల్లో పెద్ద ఆడవాళ్లు ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించేస్తారు. బస్సులో "దాహంగా లేదు" అంటారు, "ఆకలి లేదు" అంటారు. దాహం లేక కాదు, దారిలో బాత్రూంకి వెళ్లాల్సి వస్తే బస్సు ఆపమని డ్రైవర్‌ను అడగలేక. షుగర్ ఉన్నవాళ్లకు మూత్రం తరచుగా వస్తుంది, ఆపుకోవడం కష్టం. నీళ్లు మానేస్తే మూత్రంలో మంట, కళ్లు తిరగడం, కాళ్లు పట్టేయడం మొదలవుతాయి. హైవే బైపాస్‌ల మీదుగా దూసుకుపోయే రాత్రి బస్సు భోజనానికి ఒకసారి, టీకి ఒకసారి ఆగుతుంది. ఆగేది ఏ హోటల్ ముందో, అక్కడ మరుగుదొడ్డి ఎలా ఉంటుందో, చీకట్లో ఆవిడ ఆ మూడు మెట్లూ దిగి వెళ్లి వచ్చేదాకా డ్రైవర్ ఓపిక పడతాడో లేదో ఎవరు చెప్పగలరు?

అందుకే బస్సు ఎంచుకునేటప్పుడు ఏసీ ఉందా, పరుపు మెత్తగా ఉందా అన్నవి తర్వాత చూసుకోండి. ఎక్కడెక్కడ ఆగుతుందన్నది ముందు అడగండి. ఊరి బస్టాండ్లలోకి వెళ్లి ఆగే ఆర్టీసీ బస్సు మీకు సరిపోతుంది. హన్మకొండ, ఖమ్మం, విజయవాడ, గుంటూరు అన్నీ పెద్ద బస్టాండ్లు. దాదాపు రెండు మూడు గంటలకొకసారి ఆవిడ దిగి, నాలుగడుగులు వేసి, బాత్రూంకి వెళ్లి రావచ్చు. ఈ సంగతి బయల్దేరే ముందే ఆవిడకు విడమరిచి చెప్పండి: "రెండు మూడు గంటలకోసారి బస్టాండ్ వస్తది, నేను నీతో దిగుత, నువ్వు నీళ్లు తాగాలె." ఆ ఒక్క మాటతో ఆవిడ బెరుకు సగం పోతుంది. ఇది మీవారికి అప్పజెప్పకండి, కొడుకుతో ఆవిడ చెప్పుకోలేరు. మీరే పక్కన ఉండాలి.

కరీంనగర్ నుంచి విజయవాడకు మీకు వీలైన వేళలో నేరుగా బస్సుందేమో బస్టాండ్ విచారణలో అడగండి. లేకపోతే హన్మకొండలో మారండి. సూపర్ లగ్జరీ చాలు. వెనక్కి వాలే సీట్లు, వరుసకు నాలుగే ఉంటాయి, కిటికీ తెరుచుకుంటుంది. మీ చిన్నవాడికి ఆ కిటికీ గాలే మందు. మాఘంలో ఎండ ఇంకా ముదరదు కాబట్టి ఏసీ లేకపోయినా ఇబ్బంది ఉండదు. మహాలక్ష్మి పథకంలో మీకు, అత్తమ్మగారికి ఎక్స్‌ప్రెస్‌లో ఉచితమే. కానీ అది తెలంగాణ సరిహద్దు వరకే, పైగా ఆ బస్సుల్లో సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఈ ఒక్కసారికి టికెట్ కొని రిజర్వేషన్ చేయించుకోండి. ఆంధ్రలోని స్త్రీశక్తి ఉచిత ప్రయాణం ఆ రాష్ట్ర మహిళలకే, అది మీకు వర్తించదు. అయితే ఏపీఎస్ ఆర్టీసీలో 60 దాటినవారికి 25 శాతం రాయితీ ఉంది. అత్తమ్మగారి ఆధార్ చేతిలో పెట్టుకుని టికెట్ తీసుకునేటప్పుడే అడగండి.

సీట్లు బస్సు ముందు సగంలో తీసుకోండి. వెనక చక్రాల మీద, ఆ వెనకా కుదుపు ఎక్కువ. ఆ కుదుపుకే పిల్లవాడికి కడుపులో తిప్పుతుంది, పెద్దావిడకు నడుము పట్టేస్తుంది. అత్తమ్మగారికి నడవ పక్క సీటు ఇస్తే లేవడం, కాలు చాపడం తేలిక. కూర్చున్నంతసేపూ పాదాలు మడమ దగ్గర నుంచి పైకీ కిందకీ ఆడిస్తూ ఉండమనండి, వాపు తగ్గుతుంది. చిన్నవాడు కిటికీ దగ్గర కూర్చుని దూరంగా రోడ్డు వైపు చూడాలి. ఫోన్ చేతికి ఇవ్వొద్దు. తల వంచి ఫోన్ చూస్తే వాంతి రాని పిల్లలకు కూడా వస్తుంది. పొద్దున రెండు ఇడ్లీలు పెట్టండి. ఖాళీ కడుపుతోనూ తీసుకెళ్లకండి, పూరీలు, పాలు పెట్టీ తీసుకెళ్లకండి. వాంతుల మాత్ర కావాలంటే పిల్లల డాక్టర్‌ను అడిగి, వాడి బరువుకు తగ్గ మోతాదే వేయండి.

బస్సు ఎక్కే ఒడుపు కూడా అత్తమ్మగారికి ముందే నేర్పండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పైమెట్టు మీద పెట్టాలి, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు కిందకు దించాలి. ఇంట్లో గడప మెట్ల మీద నాలుగు రోజులు ఇలా చేయిస్తే అలవాటవుతుంది. ఎక్కేటప్పుడు మీవారు వెనక నిలబడాలి, దిగేటప్పుడు ముందు దిగి ఎదురు నిలబడాలి. కిందపడ్డ మనిషికి నొప్పికన్నా మళ్లీ పడతానేమోనన్న భయమే ఎక్కువ. పట్టుకునే మనిషి ఎప్పుడూ తనకన్నా కిందిమెట్టు మీద ఉన్నాడని తెలిస్తే ఆ భయం తగ్గుతుంది.

మాత్రల విషయంలో ఒక జాగ్రత్త. షుగర్ మాత్ర వేళకు వేసుకుని, బస్సు ఆలస్యమై భోజనం దొరక్కపోతే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే వెంటనే గ్లూకోజ్ పొడో చక్కెరో నీళ్లలో కలిపి తాగించాలి. కాబట్టి అన్నం చేతిలోకి వచ్చాకే మాత్ర. హోటల్ మీద ఆధారపడకుండా పెరుగన్నం, పులిహోర కట్టుకోండి. మందుల సంచి మీ ఒళ్లోనే ఉండాలి. డిక్కీలో పెట్టిన మందులు అవసరానికి అందవు, అక్కడి వేడికి పాడవుతాయి కూడా.

స్లీపర్ గురించి మీ గుబులు అనవసరమైనదేమీ కాదు. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర హైదరాబాద్ వస్తున్న బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో స్లీపర్ బస్సు కాలిపోయింది. రెండూ తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా జరిగినవే. ఇరుకు నడవలో, పొగలో, నిద్రమత్తులో మోకాళ్లు పనిచేయని మనిషి ఎంత త్వరగా బయటపడగలదో ఆలోచించండి. బస్సులన్నీ ప్రమాదమని నేననను. ఆవిడకు, ఏడేళ్ల పిల్లవాడికి మటుకు పగటి సీటే క్షేమం అంటాను. పగటి బస్సులోనైనా ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో మీ పెద్దబిడ్డకు చూపించండి. దానికి అడ్డంగా సంచులుంటే కండక్టర్‌కో డ్రైవర్‌కో చెప్పి తీయించండి. మొహమాటపడకండి.

సంక్రాంతి ఎందుకు వద్దన్నానంటే, ఆ వారం హైదరాబాద్ సగం ఆంధ్ర దారి పడుతుంది. హైదరాబాద్-విజయవాడ దారిలోని పంతంగి టోల్‌గేట్ దగ్గర వాహనాల బారులు ఏటా టీవీలో చూస్తూనే ఉంటాం. మీరు ఆ దారి తప్పించుకున్నా విజయవాడ బస్టాండులో ఆ రద్దీ తప్పదు. కనుమ వెళ్లాక తిరుగు ప్రయాణంలోనూ అంతే. మాఘమాసం సముద్రస్నానానికి పుణ్యకాలం, ఆ మాట చెబితే అత్తమ్మగారు సంతోషంగా ఒప్పుకుంటారు. అయితే మాఘ పౌర్ణమి నాడు వెళ్లకండి, తీరం కిక్కిరిసిపోతుంది. మేడారం జాతర జరిగే ఏడాదయితే ఆ పౌర్ణమి దరిదాపుల్లో హన్మకొండ వైపు అసలే చూడకండి, బస్సులన్నీ జాతరకే పోతాయి. శివరాత్రికి అటు వేములవాడ, ఇటు కోటప్పకొండ జాతరల రద్దీ ఉంటుంది. పౌర్ణమి జనం సర్దుకున్నాక, శివరాత్రికి ముందు, ఆ మధ్య రోజుల్లో వెళ్లండి. ఆదివారం కాకుండా చూసుకోండి. పిల్లల బడి రెండు మూడు రోజులు పోతుంది. పోనివ్వండి, నానమ్మతో చేసే ఈ ప్రయాణం వాళ్లకు మళ్లీ దొరకదు.

మొదటి రోజు సాయంత్రానికి విజయవాడ చేరతారు. గది అడిగేటప్పుడు మూడే ప్రశ్నలు: కింది అంతస్తేనా లేక లిఫ్ట్ పనిచేస్తోందా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, బాత్రూం గడప ఎత్తెంత. మిగతావి ఎలా ఉన్నా సర్దుకోవచ్చు. ఆవిడకు ఓపికుంటే పొద్దున్నే దుర్గమ్మ దర్శనం చేయించండి. లేకపోతే బలవంతం చేయకండి. రెండో రోజు నెమ్మదిగా టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నానికి బాపట్లలో ఉంటారు. సూర్యలంకలో తీరం పక్కనే టూరిజం శాఖ వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, ముందే బుక్ చేసుకోవాలి. దొరక్కపోతే బాపట్ల ఊళ్లో లాడ్జిలున్నాయి. మునిగిపోయిన ఘటనల తర్వాత పోలీసులు కొన్నాళ్లు తీరానికి జనాన్ని రానివ్వకుండా ఆపిన సందర్భాలున్నాయి. బయల్దేరే ముందురోజు రిసార్ట్‌కు ఫోన్ చేసి తీరం తెరిచే ఉందా అని కనుక్కోండి.

అదే రోజు సాయంత్రం నాలుగున్నర దాటాక ఆవిడను నీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. పొడి ఇసుకలో అడుగు దిగబడి మోకాలు తిప్పుకుంటుంది, ఆ కాస్త దూరమే కష్టం. చెరోపక్క ఒకరు పట్టుకోండి. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడికి చేరాక ఆవిడే నడుస్తారు. అల వచ్చి పాదాలు తడిపి వెనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక జారిపోతుంది. మొదటిసారి నిలబడ్డవాళ్లకు భూమే వెనక్కి లాగుతున్నట్టు అనిపించి కళ్లు తిరుగుతాయి. కిందకు, కదిలే నీళ్ల వైపు చూడొద్దని, దూరంగా ఆకాశం కలిసేచోట చూపు నిలపమని చెప్పండి. చేయి మాత్రం వదలకండి. స్నానం చేయాలని ఉంటే అల చివర అందేచోట ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టి, చెంబుతో సముద్రపు నీళ్లు తల మీద పోయండి. చెంబు ఇంటి నుంచే తీసుకెళ్లండి. లోపలికి దిగి మునగాల్సిన పని లేదు, పుణ్యం ఏమీ తగ్గదు.

షుగర్ ఉన్న పాదాలకు స్పర్శ తగ్గి ఉండొచ్చు. ఆల్చిప్ప కోసుకున్నా, గాజుపెంకు గుచ్చుకున్నా, మధ్యాహ్నపు ఇసుక కాల్చినా ఆవిడకు తెలియకపోవచ్చు. అందుకే ఎండలో ఇసుక మీదకు వద్దు. నీళ్ల అంచు దాకా వెనక పట్టీ ఉన్న చెప్పులుండాలి. గదికి రాగానే మంచినీళ్లతో పాదాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, అరికాళ్లు మీ కళ్లతో చూడండి. చిన్న గీరుడు ఉన్నా శుభ్రంచేసి కట్టుకట్టండి. రెండు రోజుల్లో మానకపోతే డాక్టర్‌కు చూపించండి.

పిల్లలు, మీవారి సంగతి. ఇది మీవారికి గట్టిగా చెప్పండి. బావిలో, చెరువులో, కాకతీయ కాలువలో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో ఈత వచ్చినట్టు కాదు. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఎక్కడో ఒకచోట సన్నని పాయగా గుమిగూడి వేగంగా లోపలికి పోతుంది. మోసమేమిటంటే ఆ పాయ ఉన్నచోట అలలు విరగవు, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు "ఇక్కడ అలలు లేవు, ఇక్కడే దిగుదాం" అనుకునేది సరిగ్గా అక్కడే. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదబోయి అలిసిపోతారు. నీళ్ల మీద తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి, పాయ దాటాక ఒడ్డుకు తిరగాలి. మునుగుతున్నవాళ్ల కోసం ఇంకొకరు దూకడం వల్లే ఒకరి బదులు ముగ్గురు పోతారు. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్‌నో, తాడునో విసరండి, కేకలు వేసి జాలర్లను, పోలీసులను పిలవండి, 112కు ఫోన్ చేయండి.

మీ ఇంటి వరకు నియమం తేలికే. పిల్లల మోకాలు దాటి నీళ్లు ఉండకూడదు, సముద్రం వైపు పెద్దవాళ్లు నిలబడాలి, పిల్లలు ఒడ్డు వైపు ఉండాలి. ఫొటో తీసే మనిషి పిల్లలను చూసుకునే మనిషి కాకూడదు. జాలర్లు "ఇవాళ వద్దు" అంటే ఇక వాదన లేదు.

మూడో రోజు తెల్లవారకముందే లేపండి. మన తీరం తూర్పు ముఖం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచే పైకి వస్తాడు, గోవాలో ఇది దొరకదు. ఆ పొద్దున తీరం దాదాపు ఖాళీగా ఉంటుంది. పిల్లలకు వేట నుంచి వచ్చే పడవలు, వలల్లోంచి చేపలు ఏరడం కనిపించవచ్చు. ఆ తర్వాత ఓపికను బట్టి బాపట్లలో భావనారాయణస్వామి గుడి, చీరాలలో చేనేత చీరలు. రెండూ చూడాలన్న పట్టు పెట్టుకోకండి. ఆవిడ ఆ సాయంత్రం కూడా సముద్రం దగ్గరే కూర్చుంటానంటే అక్కడే కూర్చోనివ్వండి.

తిరుగు ప్రయాణం కూడా పగలే, విజయవాడలో ఒక రాత్రి ఆగుతూ. సెలవు సరిపోక ఒక్క రోజులో రావాల్సి వస్తే బాపట్ల నుంచి తెల్లవారుజామునే బయల్దేరి, విజయవాడలో కనీసం రెండు గంటలు విశ్రాంతి తీసుకుని తర్వాతి బస్సు ఎక్కండి. ఆ బస్సుకు ముందే రిజర్వేషన్ చేయించండి, లేకపోతే విజయవాడలో సీటు కోసం నిలబడాల్సి వస్తుంది. ఇంటికి చేరిన మర్నాడు పొద్దున ఆవిడ షుగర్ పరీక్ష చేయించి, పాదాలు ఇంకోసారి చూడండి.